పేరులేని పటములు



ప్రాచీనాలయముల ఛాయాపటములను చూచినపుడు జనులు మొదట నదిని, చెట్లను చూచి స్థలమును నిర్ణయింతురు; శిల్పమును పిమ్మట చూతురు. ఈ క్రమము మార్చుకొనదగినదనుటకు ఈజిప్టుదేశపు దేవాలయ మొకటి నిదర్శనము.

రెండవ ప్రపంచయుద్ధకాలమున ఆ దేశమున సైనికుడుగా నుండిన యొక పెద్దమనిషి పెట్టెలో రెండు పటములు దొరకినవి. వెనుక నొక్క యక్షరమైనను లేదు. మొదటిది అంగడిలో కొన్న పాతపటము: ఖర్జూరవృక్షముల నడుమ పొడినేలపై కప్పులేని మంటపము. రెండవది ఆయన పడవనుండి తీసినది: జలమధ్యమున స్తంభముల పైభాగములు. తాత చూచిన చోటును తానును చూడగోరి ఆయన మనుమడు, ఇవి యే రెండు గుడులని నన్నడిగెను.

నేను స్తంభములను లెక్కించితిని. రెండింటను పొడవువైపున అయిదు, వెడల్పువైపున నాలుగు. మూలలవి ఇరువైపులకును చెందును గనుక మొత్తము 14. స్తంభాగ్రములు వికసించిన పుష్పములవలె నున్నవి. వానిపై ఎత్తైన చదరపుఱాళ్లు కలవు. కావున గుడులు రెండు కావు, ఒకటియే. అది నైలునదిలోని ఫైలీ ద్వీపమున, ఐసిస్ దేవి యాలయము చెంత, రోము చక్రవర్తియగు ట్రాజను పేర పరగు మంటపము.

మఱి నీరెట్లు వచ్చినది? 1902లో అసువానువద్ద ఆనకట్ట ముగిసినది. అప్పటినుండి ఏటేట ద్వీపము మునిగెడిది, చెట్లు నశించినవి. చెట్లున్న పటము అంతకు పూర్వపుదని దీనివలన తేలినది. వింత యేమనగా, వరదకాలమున ఒండ్రునీరు పోవుటకు తలుపులు తెఱచెడివారు. అప్పుడే గుడి బయటపడెడిది. వరద తగ్గినపిమ్మట నీరు నిలువచేయగా మునిగెడిది. కావున తాతగారు పడవలో తిరిగినది శ్రావణ భాద్రపదములలో కాదు.

1960లో ఎగువ మహాసేతువు నిర్మాణము ప్రారంభమైనది. గుడికి శాశ్వతముగ ముప్పు కలుగగా, 1972 మొదలు 1980 వఱకు సుమారు 40,000 ఱాళ్లను విడదీసి, సమీపమునందలి అగిల్కియా ద్వీపమున మరల కూర్చిరి. పాతద్వీపము నేడు నీటిలో నున్నది.

కావున ఆ చిన్నవాడు తాత చూచిన ఱాళ్లను తాకగలడు. తాత పడవ నిలిచిన చోటును దూరమునుండి చూడవలసినదే. పటము వెనుక ఊరు, పేరు, సంవత్సరము వ్రాసియుంచుడు. చెట్లు చచ్చును, నీరు కదలును, ఒక్కొక్కప్పుడు గుడియే కదలును.