నావకు రంగు, రంగునకు రక్ష

 

బడిపిల్లలచేత శబ్దములును ధాతువులును వల్లె వేయించుటలో నాయువు గడపిన మాకు కొయ్యపనిని గూర్చి మాటలాడు నధికార మెక్కడిదని కొందఱు తలంపవచ్చును. మా తండ్రిగారి బాడిస నేటికిని మా యింట భద్రముగ నున్నది. ఆ ఋణముచేతనే యీ నాలుగు మాటలు విన్నవించుచున్నాము.

భోజరాజు పేర వెలసిన యుక్తికల్పతరువను సంస్కృత గ్రంథమున ఓడలకు రంగులు విధింపబడినవి. నాలుగు తెరచాప కొయ్యలు గలదానికి తెలుపు, మూడు గలదానికి ఎఱుపు, రెండు గలదానికి పసుపు, ఒంటి కొయ్యదానికి నీలము. రంగు విధించుట సులభము. నీటిలో దానిని నిలుపుట కష్టము. మన పెద్దలు పలకల సందులను గుగ్గిలముతో మూసిరి. నేడు చిన్న పడవలు చేయువారు ఎపాక్సి పూయుచున్నారు.

మూడేండ్ల క్రిందట మా మేనల్లుని కుమారుడు ఊరి చెఱువున విడుచుటకై యొక చిన్న పడవ చేసెను. టేకువన్నె రావలెనని నూనెరంగు తెప్పించినది మేమే. మఱునాడే ఎపాక్సి పూయుమని తొందర పెట్టినదియు మేమే. వానకాలము గడచునప్పటికి పూత పొరలుపొరలుగా లేచెను. నీరు చొచ్చి పలకలు నల్లబడెను. ఆఱునెలల శ్రమ వ్యర్థమయ్యెను. బాలుడు మమ్ము నొక్కమాటయు ననలేదు. పనిముట్లను మాత్రము పెట్టెలో బెట్టి తాళము వేసెను. ఆ తాళపుచప్పుడే మాకు దండన.

కారణము పిదప తెలిసినది. ఎపాక్సి కొయ్య రంధ్రములలోనికి దిగి పట్టుకొనును. ఆఱని నూనె నడుమ నిలిచిన ఆ పట్టు దొరకదు. కావున నీటితోగాని స్పిరిటుతోగాని కలిపిన రంగే మేలు. అతుకులయొద్ద పైకుబికిన బంకను ముందే గీకివేయవలెను. బంక యంటినచోట రంగు పట్టక తెల్లమచ్చ మిగులును. పలకను తడిగుడ్డతో తుడిచి, ఆఱినపిదప లేచిన నూగును ఉప్పుకాగితముతో రుద్ది, అటుపై రంగు పట్టింపవలెను. కొయ్యలో తేమ నూటికి 12 పాళ్లకు మించరాదు. వానకాలమున దీనికి దినములే పట్టును.

రంగు పట్టించిన పలకను మరల రుద్దరాదు. ఎపాక్సి రెండుమూడు పూతలు పడినపిదపనే పైపైన రుద్దవలెను. పూత తెగి కొయ్య తగిలెనా, రంగు పోవును. పూతపై మైనమువంటి జిడ్డు తేలినచో రుద్దుటకు ముందే నీటితో కడుగవలెను. గట్టిపఱచు ద్రవమును తయారుచేసినవారు చెప్పిన పాలుననే కలుపవలెను. ఎక్కువ కలిపిన త్వరగా గట్టిపడదు, పూతయే చెడును. ఎపాక్సికి ఎండ పడదు. పైన ఎండను తాళు వార్నీషు తప్పనిసరి.

ఏటికొప్పాకలో అంకుడు కొయ్యబొమ్మలకు రంగును లక్కలోనే కలుపుదురు. అచ్చట రంగు పూతలోనిది, ఇచ్చట కొయ్యలోనిది. ఆ భేద మెఱుగక మేము చెడితిమి. అన్నిటికి మించి, అదే కొయ్యముక్కపై రంగును, ఎపాక్సిని, వార్నీషును ముందుగా వేసి చూడవలెను. ఎపాక్సి తాకినంతనే వన్నె తడికొయ్యవలె ముదురగును.

మరుసటి వేసవిని మేము బాలునియొద్దకు బోయి, తప్పు మాదేయని యొప్పుకొంటిమి. అతడు పెట్టె తెఱచెను. పలకలు మార్చి, ముక్కలపై పరీక్షించి, పడవను మరల చేసెను. అది రెండు వానకాలములను దాటినది.

పెద్దలారా! మన నేర్పును పిల్లలకు చెప్పుచునే యున్నాము. మన పొరపాట్లనుగూడ చెప్పుదము. పనిముట్ల పెట్టెలకు తాళములు పడకుండుటకు అదియే మార్గమని మనవిచేయుచు విరమించుచున్నాము.