ఈడ్చుబండి బ్యాటరీ



సవారిబండిలో గడ్డి పఱచి, దానిపై బొంత వేసికొని తీర్థములకు పోయిన దినములు మీలో పలువురకు జ్ఞప్తియందుండును. అమెరికా దేశమున చక్రములమీద చిన్న యిల్లే కట్టి, మోటారుకు తగిలించి యీడ్చుకొని పోవుదురు. దానిని ట్రావెల్ ట్రెయిలర్ అందురు. మంచములు, పొయ్యి, నీటి పంపు, రిఫ్రిజిరేటరు అన్నియు నందే యుండును. 2023 వేసవిలో టెక్సాసునందున్న మా అబ్బాయితో గూడ నట్టి బండిలో కొలరాడో కొండలకు బయలుదేరితిని.

ఉదయమున బండి బ్యాటరీ నిండుగా నున్నది. ఆఱు గంటలు ప్రయాణించి విడిది చేరునప్పటికి దీపము మినుకుమినుకు మనుచున్నది, పంపు మూలుగుచున్నది. మోటారు నడచినంతసేపును బ్యాటరీ నిండవలసినదే, తఱుగుటేమి? “పాతబడినది నాన్నగారూ, క్రొత్తది కొందము” అనెను మావాడు.

దీపము లేకున్న నాకు బాధ లేదు. కాని దారిలో కొక్కెము విడి బండి వేఱుపడినచో, ఒక త్రాడు లాగబడి, బండి చక్రముల బ్రేకులు తమంతట పట్టుకొనవలెను. అందులకు శక్తి యీ బ్యాటరీయే. అది యెండియున్నచో బండి పల్లమునకు దొరలును. ముందున్నది కొండదారి.

నేను వ్యాకరణము చెప్పినవాడనే గాని యంత్రము లెఱుగను. అయినను, ఇది యున్నచో నది యుండుట, ఇది లేనిచో నది లేకుండుట, ఈ అన్వయవ్యతిరేకములచేత కారణము నిశ్చయింపవలెనని చిన్ననాట గురువుగారు తర్కమున నేర్పిరి. వోల్టులు కొలుచు మీటరు తెమ్మంటిని.

రాత్రి విడిదిలోని కరెంటుతో బ్యాటరీని నింపి, వేకువను తీగ యూడదీసి, రెండు గంటలు తాళి చూడగా 12.6 వోల్టులు నిలిచినవి. దానిపై నింద మోపుట తొందరపాటని తోచినది. మోటారునుండి విద్యుత్తు వచ్చు ఏడు ముల్లుల ప్లగ్గునకు చిలుము పట్టియుండెను, గీకితిమి. ఫ్యూజు బాగుగనే యున్నది. ఇంజను నడపగా 13.4. రిఫ్రిజిరేటరు వేయగా 12.2కు దిగి, ఇంకను దిగుచుండెను. ఆపగా మరల నెక్కెను. మూడుమాఱులు చేయించితిని; మావాడు నవ్వి యూరకుండెను.

ఆ రిఫ్రిజిరేటరు గ్యాసుతో, ఇంటి కరెంటుతో, బ్యాటరీతో మూడు విధముల నడచును. వేడి పుట్టించి దానివలన చల్లదనము కలిగించు జాతిది. బ్యాటరీనుండి 15 ఆంపియర్లు త్రాగును. మోటారునుండి వచ్చు తీగ సన్నము, పొడవు. కాలువ చివరి పొలమునకు నీరందనట్లు, 5 ఆంపియర్లే చేరుచున్నవని లెక్క తేలినది. గంటకు పది వంతున ఆఱు గంటలకు అఱువది వ్యయము; బ్యాటరీ నిలువ యెనుబది. ఇల్లు గడచుటెట్లు?

ఆనాడు దానిని రాత్రి కరెంటుతోనే చల్లబఱచియుంచి, త్రోవలో నాపి, తలుపు తెఱవక పోయితిమి. ఇల్లు చేరినపిదప మావాడు లావుపాటి తీగ వేయించి, వోల్టులు పెంచి బ్యాటరీని నింపు పరికరము నొకటి తగిలించెను.

ఆ సాయంకాలము కొండమీద దీపము నిండుగా వెలిగినది. పెరుగు కొంచెము పులిసినది. నేను మాఱుమాటాడక తింటిని. సెలవు.