చెంచా మీది గీతలు

పోషకాహార శాస్త్రవేత్త డాక్టర్ సి. గోపాలన్ గారి గురించి జొన్నరొట్టె తిని పెరిగిన ఈ అలంపూర్ సీమలో మాట్లాడుకోవడం ఎంతైనా సబబు. 1918లో సేలంలో పుట్టి, 2019లో నిండు నూరేళ్లకు కన్నుమూసిన మనిషి ఆయన. 1960లో ఆయనా, తోటి పరిశోధకులు శ్రీకంఠయ్య గారూ లాన్సెట్ వైద్య పత్రికలో రాసిన వ్యాసం మన దక్కన్ జొన్న తిండి గురించే. మెడ చుట్టూ, చేతుల మీద ఎండ తగిలేచోట చర్మం నల్లబడి పొలుసులు లేచే పెల్లాగ్రా మొక్కజొన్న తినేవాళ్ల జబ్బని లోకం నమ్మేది. జొన్న తినేవాళ్లకూ వస్తుందని, అందులోని లూసిన్ కారణం కావచ్చని వీళ్లన్నారు. కారణం మీద తరువాత చాలా వాదాలు నడిచాయి.

గోపాలన్ పనిచేసిన సంస్థ కూనూరులో 1918లో బెరిబెరి పరిశోధనగా మొదలై, 1958లో హైదరాబాదుకు వచ్చింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. పిల్లలకు ప్రొటీన్ పొడులు పోయాలని పెద్ద పెద్దవాళ్లు వాదిస్తున్న రోజులవి. పల్లె పిల్లలు ఏం తింటున్నారో లెక్కగట్టి, ఇంట్లో వండే అన్నం, రొట్టె, పప్పు కడుపునిండా పెడితే ప్రొటీన్ దానంతటదే సరిపోతుందని గోపాలన్ తేల్చి చెప్పారు. 1975లో అంగన్‌వాడీల పథకం ఐసీడీఎస్ మొదలైనప్పుడు పిల్లవాడికి రోజుకు 300 కేలరీలు, 8-10 గ్రాముల ప్రొటీన్ అని నిర్ణయించారు.

నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది విటమిన్ ఎ కథ. రేచీకటితో మొదలై చూపే పోగొట్టే లోపం అది. పెద్ద మోతాదు ఒక్కసారి ఇస్తే కాలేయంలో నిలవుండి నెలల తరబడి కాపాడుతుందని సంస్థ పల్లెల్లో పరీక్షించి చూసింది. 1970లో అది జాతీయ కార్యక్రమమైంది. ఏ వయసుకు, ఎంత మోతాదు, ఎన్నాళ్లకోసారి: ప్రభుత్వానికి కావలసిందంతా ఆ మూడు మాటల్లో ఉంది. ఈ సభలో ఉన్న ఏఎన్‌ఎం అక్కలకు ఆ మాటలు కొట్టిన పిండే. సీసాతో వచ్చే చెంచా మీద ఒక గీత దాకా, 1 మి.లీ., తొమ్మిది నెలల బిడ్డకు. ఆపైన ఆరు నెలలకోసారి నిండుగా, 2 మి.లీ.

పైనుంచి కిందికి ఇంత చక్కగా వచ్చిన మాట కిందినుంచి పైకి ఎందుకు పోవడం లేదన్నదే నా బాధ. 2004లో వ్యాధుల నిఘా పథకం వచ్చాక జ్వరాలెన్ని, విరేచనాలెన్ని అని, అక్కలారా, మీరు ఎస్ ఫారంలో నింపారు; ఇప్పుడు ట్యాబ్‌లో ఎక్కిస్తున్నారు. నింపడం నేర్పాం. ఆ అంకెను అధికారి ముందు పెట్టి పని అడగడం నేర్పలేదు. "విరేచనాలు పెరిగాయి" అంటే ఎవరూ కదలరు. "ఈ వారం జబ్బుపడ్డవాళ్లంతా ఒకే కుళాయి నీళ్లు తాగారు, ఆ పైపు మురుగుకాలువలోంచి పోతోంది, మార్చాల్సింది పంచాయతీ" అంటే సర్పంచ్ తప్పించుకోలేడు, ఎంపీడీఓ తప్పించుకోలేడు. 2008లో హైదరాబాదుకు ప్రజారోగ్య విద్యాసంస్థ వచ్చింది, సంతోషం. కానీ అక్కడి చదువులు డిగ్రీ ఉన్నవాళ్లవి. కుళాయి చూసేది మీరు.

వేదిక మీదున్న జిల్లా అధికారులను ఒకటే అడుగుతున్నాను. నెలవారీ సమీక్షలో ప్రతి ఉపకేంద్రం నుంచి ఒక అక్కకు ఐదు నిమిషాలివ్వండి. తన ఊరి అంకె, దాని కారణం, ఎవరు ఏం చేయాలో ఒక్క కాగితం మీద రాసుకొచ్చి నిలబడి చదవనివ్వండి. జవాబు అక్కడే, రాతపూర్వకంగా ఇవ్వండి.