కార్పొరేటర్‌ను ఏమడగాలి?

(దుబాయిలో తెలుగు మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనం నలుగురం కలిస్తే ఒక మాట తప్పకుండా వస్తుంది. "దుబాయిలో రవాణా ఇంత బాగుంది కదా, మన హైదరాబాదుకేమొచ్చింది?" అని. దానికి వచ్చే జవాబులు కూడా మామూలే. ఇక్కడ డబ్బుంది, ఇక్కడ మునిసిపల్ ఎన్నికల గొడవ లేదు అంటాం. రెండూ సగం నిజాలు. మిగతా సగం గురించి నాలుగు మాటలు చెబుతాను.

దుబాయిలో మెట్రో 2009 సెప్టెంబరు 9న మొదలైంది. కానీ అంతకు నాలుగేళ్ళ ముందే, 2005లో, ఆర్టీఏ ఏర్పడింది. రోడ్లు, బస్సులు, టాక్సీలు, పార్కింగు, డ్రైవింగ్ లైసెన్సులు అన్నీ దాని కిందికి తెచ్చారు. సంస్థ ముందు, రైలు తర్వాత. అందుకే స్టేషన్ దిగగానే ఫీడర్ బస్సు ఉంటుంది, రెండింటికీ ఒకే నోల్ కార్డు సరిపోతుంది. లోపాల్లేవని కాదు. సాయంత్రం పూట షార్జా దారిలో గంటలు గడిపేవాళ్ళు ఈ గదిలోనే చాలామంది ఉన్నారు. అయితే, ఎవరిని అడగాలో మాత్రం మనకు తెలుసు.

హైదరాబాదులో ఎవరిని అడగాలి? సిటీ బస్సు ఆర్టీసీది. ట్రాఫిక్ పోలీసులు హోం శాఖ వాళ్ళు. మెట్రో రాష్ట్ర ప్రభుత్వం కుదుర్చుకున్న ఒప్పందం మీద వచ్చింది. ఔటర్ రింగ్ రోడ్డు హెచ్ఎండీఏ పరిధిలోది. వీటన్నిటినీ ఒక తాటి మీదికి తెచ్చే ఉమ్మడి సంస్థ పెద్ద నగరాలకు కావాలని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం చెప్పింది. 'ఉమ్టా' పేరుతో 2008లో హైదరాబాదుకు అలాంటిది వచ్చింది కూడా. కానీ అధికారాలూ నిధులూ ఎవరి దగ్గరివి వాళ్ళ దగ్గరే ఉండిపోయాయి.

ఇప్పుడు ఎన్నికల సంగతికి వద్దాం. 2020 డిసెంబరు 1న జీహెచ్ఎంసీకి పోలింగు జరిగింది. విమానాశ్రయం దాకా మెట్రో వేస్తామని టీఆర్ఎస్ చెప్పింది. మహిళలకు సిటీ బస్సుల్లో, మెట్రోలో ఉచిత ప్రయాణమని బీజేపీ చెప్పింది. టీఆర్ఎస్‌కు 56, బీజేపీకి 48, మజ్లిస్‌కు 44, కాంగ్రెస్‌కు 2 స్థానాలు వచ్చాయి.

ఆ తర్వాత ఏం జరిగిందో చూడండి. విమానాశ్రయ మెట్రోకు 2022 డిసెంబరు 9న ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. ఏడాది తిరగగానే ప్రభుత్వం మారింది, ఆ మార్గాన్ని పక్కన పెట్టి వేరే మార్గం ఆలోచించారు. మహిళలకు ఉచిత బస్సు 2023 డిసెంబరు 9న వచ్చింది. అదీ అసెంబ్లీ ఎన్నికల తర్వాత, కాంగ్రెస్ రాష్ట్ర ప్రభుత్వ నిర్ణయంగా వచ్చింది. ఈ రెండిట్లోనూ నిర్ణయం సచివాలయానిదే, కార్పొరేషన్‌ది కాదు. అంటే 2020లో మనవాళ్ళు ఓటేసింది కార్పొరేషన్ చేతిలో లేని పనుల కోసం.

మరి కార్పొరేషన్ చేతిలో ఏముంది? 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పన్నెండవ షెడ్యూలు చూడండి. స్థానిక సంస్థలకు ఇవ్వదగిన 18 పనుల్లో రోడ్లు, వంతెనలు, వీధి దీపాలు, పార్కింగు స్థలాలు, బస్టాపులు ఉన్నాయి. ఇవి చిన్న పనులు కావు. బస్సు ఎంత మంచిదైనా, బస్టాపు దాకా నడిచే దారి లేకపోతే మా అమ్మగారికీ మీ అమ్మగారికీ అది లేనట్టే.

డబ్బు లేదంటారు. 2018లో జీహెచ్ఎంసీ బాండ్లు అమ్మి 200 కోట్లు తెచ్చుకుంది, ఎస్ఆర్డీపీ కింద వంతెనలు, రోడ్ల కోసం. కారు కోసం అప్పు పుట్టినప్పుడు కాలినడక కోసం ఎందుకు పుట్టదు?

అందుకని అభ్యర్థిని మూడే ప్రశ్నలు అడగమంటాను.

ఒకటి: వార్డులో ప్రతి బస్టాపుకూ ఇరువైపులా ఎడతెగని కాలిబాట ఎప్పటికి వేస్తారు? చిరువ్యాపారులను తరిమేయకుండా, 2014 చట్టం చెప్పినట్టు వాళ్ళకు చోటు చూపించి మరీ వేయాలి.

రెండు: రోడ్డు మీద నిలిపే కార్లకు పార్కింగు రుసుము వసూలు చేసే ధైర్యం ఉందా? ఇక్కడ మనం మారుమాట్లాడకుండా కడుతున్నాం. అక్కడ మన అపార్ట్‌మెంటు ముందు కాలిబాట మీద ఉన్న కారు మనదే కావచ్చు.

మూడు: ఇది అభ్యర్థిని కాదు, పార్టీని అడగాలి. ఉమ్టాకు అసలు అధికారాలు ఎప్పుడిస్తారు?

2025 డిసెంబరులో శివారుల్లోని 27 పురపాలికలను కలిపేసి వార్డుల సంఖ్యను 300 చేశారు. 2020లో ఎన్నికైన పాలకవర్గం గడువు 2026 ఫిబ్రవరి నాటిది. శివార్లలో మనం కొన్న ఫ్లాట్లు కూడా ఇక నగర రాజకీయంలో భాగమే.

చివరిగా మన సంగతి. 2010 సవరణ ప్రవాస భారతీయులకు ఓటు హక్కిచ్చింది గాని, స్వయంగా వెళ్ళి వేయాలి. కార్పొరేషన్ ఎన్నికకు ఎంతమందిమి వెళ్ళగలం? కానీ 2020లో హైదరాబాదులో ఉన్నవాళ్ళలోనే సగానికి పైగా పోలింగుకు వెళ్ళలేదు. వాళ్ళలో మన ఇళ్ళవాళ్ళూ ఉన్నారు. "ఎండలో లైన్లో ఎందుకు నాన్నా" అని ఇక్కడినుంచి ఫోనులో చెప్పేది మనమే కదా!

ఈ వారాంతం ఇంటికి ఫోను చేసినప్పుడు ఆ మాట మానేసి, ఓటరు జాబితాలో పేరుందో లేదో చూసుకోమని చెప్పండి. ఈ మూడు ప్రశ్నలూ కాగితం మీద రాసుకోమనండి. గుమ్మంలోకి ఓటడగడానికి వచ్చినవాడు మెట్రో గురించి చెబితే, "బాబూ, ముందు మా వీధి కాలిబాట సంగతి చెప్పు" అని అడగమనండి.

సెలవు.