కంపెనీ ఇచ్చిన రూటర్ తీసేసి సొంత రూటర్ పెట్టుకోవచ్చా? నేను చేసిన తప్పుతో సహా మొత్తం చెప్తా

ఈ ఎపిసోడ్ మీలో చాలా మంది అడిగిందే. "అన్నా, ఇంటర్నెట్ వాళ్ళు ఇచ్చిన రూటర్ వేస్ట్ ఉంది, మనమే ఒకటి కొనుక్కుని పెట్టుకోవచ్చా?" పెట్టుకోవచ్చు. కానీ ఎట్లా పెట్టుకోవాలో చెప్పే ముందు ఎట్లా పెట్టుకోవద్దో చెప్తా, ఎందుకంటే నల్లగొండలో మా ఇంట్లో నేను సరిగ్గా అట్లనే పెట్టిన.

మాది పాత ఇల్లు. ముందు హాలు, రెండు రూములు తర్వాత కట్టినవి, స్లాబు. వెనక రూము మాత్రం తాత కట్టించింది, రాతి గోడలు. గోడ మందం నా మోచెయ్యి అంత ఉంటది. 2020లో లాక్‌డౌన్ రాగానే హైదరాబాద్ నుంచి లాప్‌టాప్ పట్టుకుని ఇంటికొచ్చేసిన. అప్పుడే ఫైబర్ కనెక్షన్ పెట్టించినం. వైర్ ఎక్కడి నుంచి లోపలికి వచ్చిందో అక్కడే, అంటే దర్వాజా పక్కన, బీరువా వెనక, డబ్బా బిగించి పోయిండు లైన్‌మన్ అన్న. ప్లాన్ 100 ఎంబీపీఎస్. వెనక రూములో మా చెల్లె చదువుకుంటది. అక్కడ ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ పెడితే 6, మహా అయితే 8.

తనకి ఒక ఆన్‌లైన్ ఇంటర్వ్యూ వచ్చింది. బీటెక్ అయిపోయి ఏడాది, అప్పటికి చేతిలో ఏ ఆఫరూ లేదు. పొద్దున పదింటికి ఇంటర్వ్యూ. ముందు రోజు సాయంత్రం నేను ఆర్డర్ పెట్టిన కొత్త రూటర్ వచ్చింది. "ఈ రాత్రికే సెట్ చేస్తా, రేపు నీ రూములో కూర్చుని హాయిగా మాట్లాడు" అన్న. సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని కదా, ఇదెంత అనుకున్న.

రాత్రి పదింటికి పాత డబ్బా సెట్టింగ్స్‌లోకి పోదామంటే పాస్‌వర్డ్ తెల్వదు. డబ్బా కింద స్టిక్కర్ మీద ఉన్నది పని చేయలే. అప్పుడు నేనేం చేసిన్నో తెలుసా? పిన్నీసు తీసుకుని వెనక ఉన్న చిన్న బొక్కలో పది సెకన్లు నొక్కిన. రీసెట్. లైట్లన్నీ ఆరిపోయి మళ్ళీ వెలిగినయ్. ఒక్కటి తప్ప. ఇంటర్నెట్ అని రాసి ఉండే లైటు వెలగలే. ఆ రాత్రి ఇక వెలగలే.

ఏం జరిగిందో అర్థం కావాలంటే ఆ డబ్బా లోపల ఏముందో తెలియాలి. బయటికి ఒకటే డబ్బా, కానీ అది కనీసం మూడు పనులు చేస్తది. ఒకటి, ఫైబర్‌లో వచ్చే వెలుతురుని కరెంటు సిగ్నల్‌గా మార్చడం. దీన్ని ఓఎన్‌టీ అంటరు. రెండు, కంపెనీ సర్వర్‌కి మన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ చెప్పి లోపలికి అనుమతి తీసుకుని, వచ్చిన ఒక్క కనెక్షన్‌ని ఇంట్లో అందరికీ పంచడం. రూటర్ అంటే అసలు ఇదే. మూడు, వైఫై. మనం "రూటర్ మారుద్దాం" అన్నప్పుడు మార్చాల్సింది రెండోదీ మూడోదీ. మొదటిదాని జోలికి పోకూడదు.

ఎందుకు పోకూడదంటే, మన వీధిలోకి వచ్చే ఫైబర్ మనొక్కరిది కాదు. జీపాన్ అనే పద్ధతిలో ఒకే ఫైబర్‌ని స్ప్లిట్టర్ పెట్టి 32 ఇండ్లకి, కొన్ని చోట్ల 64 ఇండ్లకి పంచుతరు. కిందికి వచ్చే వెలుతురు 1490 నానోమీటర్లు, మన ఇంటి నుంచి పైకి పోయేది 1310. ఇంత మందిలో మీ డబ్బా ఏదో అవతల మెషీన్‌కి తెలియాలంటే దాని సీరియల్ నంబర్ అక్కడ రిజిస్టర్ అయి ఉండాలి. ఆన్‌లైన్‌లో చవగ్గా ఓఎన్‌టీ దొరికిందని కొని ఫైబర్ గుచ్చితే లైను రాదు. పైగా కొన్ని చోట్ల ఈపాన్ నడుస్తది, కొన్ని చోట్ల జీపాన్. ఆపరేటర్‌ని అడగకుండా ఓఎన్‌టీ మాత్రం కొనొద్దు. ఇంకొక మాట, ఆ వెలుతురు కంటికి కనపడదు. ఫైబర్ కొన పీకి, లోపల ఏముందా అని కన్ను పెట్టి చూడొద్దు. పిల్లలున్న ఇండ్లల్ల ఇది మరీ జాగ్రత్త.

మళ్ళీ మా ఇంటికి వద్దాం. నేను రీసెట్ కొట్టంగనే డబ్బాలో లైన్‌మన్ అన్న చేత్తో ఎక్కించిన సెట్టింగ్స్ మొత్తం పోయినయ్. పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, దాంతోపాటు వీలాన్ ఐడీ. వీలాన్ ఐడీ అంటే ఒక నంబర్. ఒకే వైరులో ఇంటర్నెట్ ఒక దారిలో, ల్యాండ్‌లైన్ ఫోన్ ఒక దారిలో పోతయ్ కదా, ఆ దారి నంబర్ అనుకోండి. యూజర్‌నేమ్ నాకు పాత మెసేజ్‌లో దొరికింది. వీలాన్ నంబర్ దొరకలే. ఒక్క నంబర్ తెలియక రాత్రి ఒంటిగంట దాకా కూర్చున్న. కస్టమర్ కేర్‌కి చేస్తే పాటలు వినిపించిండ్రు.

పొద్దున ఎనిమిదింటికి లైన్‌మన్ అన్నకి ఫోన్ చేసిన. "తమ్మీ, నకిరేకల్ రోడ్ల పోల్ మీదున్న. లైను తెగింది. పన్నెండు అయితది" అన్నడు. మా చెల్లె ఏమీ అనలే. నాయిన ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని, సిగ్నల్ బాగుంటదని డాబా మీదికి పోయి, నీళ్ళ ట్యాంకు నీడలో కుర్చీ వేసుకుంది. మే నెల. నల్లగొండ మే నెల ఎట్లుంటదో మీకు చెప్పక్కరలేదు. మధ్యలో రెండు సార్లు వీడియో ఆగింది. ఆ ఉద్యోగం రాలే. రూటర్ వల్లే అని తను ఇప్పటిదాకా ఒక్కసారి కూడా అనలే. అంటే బాగుండు అనిపిస్తది నాకు.

పన్నెండున్నరకి అన్న వచ్చిండు. డబ్బా చూసి, "బీటెక్ చదివినవ్ గదా తమ్మీ, ఆ బొక్కల పుల్ల పెట్టొద్దని ఎవ్వలు చెప్పలేదా?" అన్నడు. జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసిండు. మా ఏరియా వీలాన్ నంబర్ దాంట్లో పెన్నుతో రాసి ఉంది. అప్పుడు అడిగిన: "అన్నా, దీన్ని బ్రిడ్జ్‌లో పెట్టి ఇస్తవా?" "గది ముందే అడగొచ్చు గదా" అన్నడు. ఐదు నిమిషాల పని.

ఈ బ్రిడ్జ్ మోడ్ అన్న మాట గుర్తు పెట్టుకోండి. బ్రిడ్జ్‌లో పెడితే పాత డబ్బా వెలుతురుని మార్చే పని ఒక్కటే చేస్తది. లాగిన్ అవ్వడం, పంచడం, వైఫై అన్నీ మీ కొత్త రూటర్ చూసుకుంటది. డబ్బా లాన్ పోర్ట్ నుంచి కొత్త రూటర్ వాన్ పోర్ట్‌కి కేబుల్ పెట్టాలి. రూటర్ సెట్టింగ్స్‌లో కనెక్షన్ టైప్ పీపీపీఓఈ అని ఎంచుకుని యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఎంటీయూ అని అడిగితే 1492. వెంటనే కనెక్ట్ కాకపోతే కంగారు పడొద్దు. పాత డబ్బా లాగిన్ ఇంకా అవతల సర్వర్‌లో తెగి ఉండదు, ఒకే యూజర్‌నేమ్‌తో రెండోసారి రానియ్యదు. రెండూ ఆఫ్ చేసి పది నిమిషాలు ఆగి పెట్టండి. ల్యాండ్‌లైన్ ఫోన్ ఉంటే దాని వైర్ పాత డబ్బాకే ఉండాలి, ఆ దారిని కదిలించొద్దని లైన్‌మన్‌కి ముందే చెప్పండి.

కొన్ని ఇండ్లకి ఫైబర్ లోపలి దాకా రాదు. అపార్ట్‌మెంట్ కింద బాక్స్ నుంచి మామూలు నెట్‌వర్క్ కేబుల్ వస్తది. వాళ్ళకి చాలా ఈజీ, ఆ కేబుల్ తీసి కొత్త రూటర్‌కి పెట్టడమే. అప్పటికీ రాకపోతే ఆపరేటర్ పాత రూటర్ మ్యాక్ అడ్రస్‌ని లాక్ చేసి ఉంటడు. కొత్త రూటర్‌లో మ్యాక్ క్లోన్ అని ఒక ఆప్షన్ ఉంటది, లేకపోతే ఆపరేటర్‌కి ఫోన్ చేసి మార్పించుకోండి.

మరి బ్రిడ్జ్ ఇవ్వము అంటే? మా పిన్ని వాళ్ళది జడ్చర్ల. వాళ్ళ కంపెనీ వాళ్ళు అసలు ఒప్పుకోలే. డబ్బా సెట్టింగ్స్ మొత్తం వాళ్ళ ఆఫీసు నుంచే నడుస్తయ్. అక్కడ నేను కొత్త రూటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టిన. అంటే పంచే పని పాత డబ్బాదే, వైఫై మాత్రం కొత్తదానిది. పాతదాని వైఫై ఆపేయాలి. యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టకుండా ఊరికే రూటర్ వెనక రూటర్ గుచ్చితే డబుల్ నాట్ అయితది. యూట్యూబ్ వస్తది, వాట్సాప్ వస్తది, కానీ కొన్ని ఆన్‌లైన్ గేమ్‌లు సతాయిస్తయ్, ప్రింటర్ ఒక దాంట్లో, ఫోన్ ఒక దాంట్లో ఉంటే దొరకదు. రెండింటి అడ్రసూ 192.168.1.1 అయితే అసలుకే ఎసరు.

ఇంకో భ్రమ కూడా తీసేస్తా. "సొంత రూటర్ పెడితే సీసీ కెమెరాకి పోర్ట్ ఫార్వర్డింగ్ చేసుకోవచ్చు" అని చాలా మంది అనుకుంటరు. రూటర్‌లో వాన్ ఐపీ అడ్రస్ చూడండి. 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే మీరు సీజీనాట్‌లో ఉన్నట్టు. ఒక పబ్లిక్ ఐపీని కంపెనీ చాలా మందికి పంచుతోంది. మీరు ఎంత ఖరీదైన రూటర్ పెట్టినా బయటి నుంచి దారి ఉండదు. స్టాటిక్ ఐపీ విడిగా కొనాలి, లేదా కెమెరా కంపెనీ యాప్‌తోనే సరిపెట్టుకోవాలి.

అసలు కొనే ముందు ఒక టెస్ట్ చేయండి, ఇది నేను చేయలే. లాప్‌టాప్‌ని కేబుల్‌తో డబ్బాకి పెట్టి స్పీడ్ చూడండి. కేబుల్‌లో ఫుల్ స్పీడ్ వచ్చి ఫోన్‌లో రాకపోతే తప్పు వైఫైది, రూటర్ మార్చితే ఫలితం ఉంటది. కేబుల్‌లో కూడా రాకపోతే తప్పు లైనుది, డబ్బులు దండగ చేయకండి. డబ్బా పేజీలో ఆప్టికల్ పవర్ అని కనపడితే చూడండి. మైనస్ 20 చుట్టుపక్కల ఉంటే బాగున్నట్టు. మైనస్ 27 దాటిందంటే ఎక్కడో ఫైబర్ వంగింది, లేదా జాయింట్ పాడైంది. లైన్‌మన్‌ని పిలవండి. 200 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకుని కేబుల్‌లో 94 దగ్గరే ఆగిపోతోందంటే పోర్ట్ పాత 100 ఎంబీపీఎస్‌ది, లేదా కేబుల్‌లో ఒక తీగ తెగింది. గిగాబిట్‌కి ఎనిమిది తీగలూ కావాలి.

మా ఇంట్లో కొత్త రూటర్‌ని కూడా ఆ బీరువా వెనకే పెట్టిన మొదట. వెనక రూములో 5 గిగాహెర్ట్జ్ అసలు దొరకలే. ఇనుప బీరువా, రాతి గోడ దాటి పోవడం దాని వల్ల కాదు. 2.4 పోతది కానీ నెమ్మది. ఆఖరికి పదిహేను మీటర్ల క్యాట్ 6 కేబుల్ కొని, గోడ పైనుంచి లాగి, రెండు రూముల మధ్య దర్వాజా మీద రూటర్ పెట్టిన. అప్పుడు వచ్చింది వెనక రూములో 80. నిజం చెప్పాలంటే ఆ 80లో సగం క్రెడిట్ కొత్త రూటర్‌ది కాదు, చోటుది. పాతదాన్నే అక్కడికి జరిపి ఉంటే మూడు వేలు మిగిలేవేమో. జరపాలంటే నెట్‌వర్క్ కేబుల్ లాగండి, ఫైబర్‌ని మాత్రం లాగి మేకుకి చుట్టకండి.

మరి కొత్తది ఎందుకు అంటే నాకు ముఖ్యమైన కారణం సెక్యూరిటీ. 2017 జులైలో బీఎస్ఎన్‌ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మోడెమ్‌ల మీద మాల్‌వేర్ దాడి జరిగింది. దొరికిపోయినవి ఎక్కువగా డిఫాల్ట్ పాస్‌వర్డ్ మార్చనివి. దానికి ముందు 2016 నవంబర్‌లో జర్మనీలో దాదాపు 9 లక్షల ఇండ్లకి రూటర్లు మొరాయించినయ్. కంపెనీ దూరం నుంచి రూటర్‌ని సరిచేయడానికి వాడే దారి వైపే ఆ దాడి వచ్చింది. అదే జర్మనీలో 2016 ఆగస్టు 1 నుంచి, ఏ రూటర్ పెట్టుకోవాలో ఎంచుకునే హక్కు కస్టమర్‌దే అని చట్టం ఉంది. మన దగ్గర ఇంకా లైన్‌మన్ అన్న మంచితనం మీదనే నడుస్తోంది. సొంత రూటర్ అయితే అడ్మిన్ పాస్‌వర్డ్ మన చేతిలో, అప్‌డేట్ మన చేతిలో. డబ్ల్యూపీఎస్ ఆపేయండి.

ఈ గొడవ ఇక టౌన్లకే పరిమితం కాదు. మిషన్ భగీరథ నీళ్ళ పైపులతో పాటే ఊళ్ళకి ఫైబర్ కూడా వేసిండ్రు. 2024 డిసెంబర్‌లో టీ-ఫైబర్‌ని ప్రయోగంగా మొదలుపెట్టిన ఊళ్ళలో పాత పాలమూరు జిల్లా మద్దూరు ఒకటి. ఫైబర్ ఏ ఊరికి పోయినా, ఇంట్లోకి ఒక డబ్బా వస్తది.

సరే, చేసే రోజు మాత్రం మంచి రోజు చూసుకోండి. ముహూర్తం అని కాదు, మరుసటి రోజు ఎవరికీ పరీక్ష, ఇంటర్వ్యూ, ఆఫీస్ మీటింగ్ లేని రోజు, లైన్‌మన్ ఫోన్ ఎత్తే టైము. ముందే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వీలాన్ ఐడీ అడిగి కాగితం మీద రాసుకోండి. పాత డబ్బా ప్రతి పేజీ ఫోన్‌తో ఫోటో తీసుకోండి. కొత్తదానికి పాత వైఫై పేరూ పాస్‌వర్డే పెట్టండి, అప్పుడు టీవీ, ఫోన్లు, కెమెరా అన్నీ వాటంతటవే కలుస్తయ్. లేకపోతే అమ్మ ఫోన్, పక్కింటి ఆంటీ ఫోన్ అన్నింటికీ మీరే కొట్టియ్యాలి. కరెంటు పోయినప్పుడు ఇప్పుడు డబ్బా, రూటర్ రెండూ నడవాలి, కాబట్టి మినీ యూపీఎస్ కొంటే రెండు అవుట్‌పుట్‌లు ఉన్నది చూడండి. అడాప్టర్ వోల్టేజ్ రెండింటిదీ ఒకటేనా కాదా చూసుకుని మరీ గుచ్చండి.

ఒకవేళ ఓఎన్‌టీ వేరే, రూటర్ వేరే ఇచ్చి ఉంటే, తీసేసిన పాత రూటర్‌ని పాత సామాన్లోడికి వేయకండి. అది మీది కాకపోవచ్చు, కనెక్షన్ ఆపిన రోజు డిపాజిట్ కావాలంటే వాపస్ అడుగుతరు. అడాప్టర్‌తో సహా కవర్లో చుట్టి అటక మీద పెట్టండి. మా ఇంట్లో కొత్త రూటర్ మీద లైన్‌మన్ అన్న మార్కర్‌తో వీలాన్ నంబర్ రాసిండు. దాని కింద మా చెల్లె ఇంకో లైను రాసింది: "రాత్రి పది తర్వాత ముట్టుకోవద్దు." వచ్చే ఎపిసోడ్‌లో మినీ యూపీఎస్ విప్పి చూద్దాం. ఉంట మరి.