ఒడ్డు చేరినంతనే ఆపద తీరదు



మన కులమున పెక్కురకు సముద్రమే జీవనాధారము. మునుగువానిని పైకి దీయు సాహసమును మనవారికి ఒరులు నేర్పనక్కరలేదు. తీసిన పిమ్మట చేయవలసిన దానిని గూర్చియే నేడు విన్నవించుచున్నాము.

మన సముద్రజలము మంచువంటిది కాకున్నను, 37 డిగ్రీల సెంటిగ్రేడు గల మనుష్యదేహముకంటె చల్లనిదే. నీరు గాలికంటె మిక్కిలి వేగముగా వేడిని హరించును. రాత్రియెల్ల తెప్పను బట్టుకొని తేలినవాని దేహోష్ణము 35 డిగ్రీలకు లోబడెనేని ప్రాణాపాయమే.

నీటినుండి తీసినంతనే ఈ తగ్గుదల యాగదు. 1790లో లివర్‌పూలు చెంత జరిగిన నౌకాభంగమును విచారించిన వైద్యుడు జేమ్స్ కర్రీ, మనుష్యులను చన్నీట నుంచి పరీక్షించి, వెలుపలికి వచ్చిన పిదపను దేహోష్ణము తగ్గుటను కనుగొని 1797లో గ్రంథస్థము చేసెను. చర్మమును, కాలుసేతులును మిక్కిలి చల్లబడియుండుటచే లోపలివేడి వానివైపు ప్రవహించుచునే యుండును. మరియు నీటియొత్తిడి కాళ్లలోని రక్తమును గుండెవైపునకు నెట్టుచుండును. మనిషిని నిలువున లాగినచో ఆ యొత్తిడి తొలగి, రక్తము కాళ్లలో నిలిచి, అతడు కూలిపోవచ్చును. చల్లబడిన గుండె చిన్న కుదుపునకును లయ దప్పును.

కావున సాధ్యమైనంతవరకు అడ్డముగా పరుండబెట్టియే పడవలోనికి చేర్చవలయును. లేపి నడిపింపరాదు. తడిబట్టలను కోసి తీసి, క్రిందను మీదను పొడి కంబళ్లు చుట్టి, తల కప్పవలయును. వేడినీటి సీసాలను గుడ్డలో చుట్టి రొమ్మునకు, చంకలకు చేర్పవలయును. కాలుసేతులను రుద్దుట, మంటకు మిక్కిలి దగ్గరగా చేర్చుట, సారా పోయుట కూడదు. సారా చర్మమునకు రక్తమును రప్పించి వేడిని పోగొట్టును. తెలివి గలిగి, చక్కగా మ్రింగగలవానికి మాత్రమే తీయని వెచ్చని పానీయము నీయవచ్చును.

ఊపిరి కానరానంత మాత్రమున ఆశ విడువరాదు. నోటితో శ్వాస నిచ్చుచు, రొమ్ము నొత్తుచు వైద్యశాలకు చేర్పవలయును. 1999లో నార్వేలో మంచుక్రింద చిక్కిన వైద్యురాలు అన్నా బోగెన్‌హోల్మ్ దేహోష్ణము 13.7 డిగ్రీలకు దిగినను ఆమె బ్రతికెను.

పోషకమహాశయులారా! ప్రతి పడవకును నీరు చొరని సంచిలో రెండు పొడి కంబళ్లు సమకూర్చుడు. సోదరులారా! ఈ పద్ధతిని ఒడ్డున నేర్చుకొనుడు. సముద్రము విడిచిన ప్రాణమును మన చేతులలో పోనీయకుందుము గాక!