విశ్వాసమును వ్యాకులతయును

(మన సంఘ సమావేశమున ఒక వర్తక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠము)



నేను పండితుడను గాను. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి అంగడిలో కూర్చున్నవాడను. అయినను మా వీధిలోని ఒక ముస్లిం వర్తక మిత్రుని బాధ నన్నీ నాలుగు మాటలు చెప్పుటకు పురికొల్పినది. ఆయన అయిదు పూటల నమాజు తప్పనివాడు. వ్యాపారమున నష్టము వచ్చిన పిదప ఆయనకు నిద్ర కరవయ్యెను, గుండెదడ పట్టుకొనెను. ఈమాను సన్నగిల్లుటచేతనే ఈ దిగులని బంధువులనిరి. వారి మాటకు నేనును తల యూపితిని. నాటినుండి ఆయనకు దిగులొకటి, దిగులుపడితినను సిగ్గొకటి, బరువులు రెండైనవి.

ఆ మాట సత్యము కాదని ఇస్లాము చరిత్రయే చెప్పుచున్నది. 1058లో తూసు నగరమున జన్మించిన ఇమాము గజాలీ, 1091 నుండి బాగ్దాదు నిజామియా విద్యాపీఠమున బోధించిన మహావిద్వాంసుడు. 1095లో ఆయనకు తీవ్రమైన అంతఃక్షోభ కలిగెను. పాఠము చెప్పబోవ నాలుక కదలలేదు. ఆహారము గొంతు దిగలేదు. వ్యాధిమూలము హృదయమునందున్నదని వైద్యులు చెప్పిరి. ఈ సంగతిని ఆయనయే తన గ్రంథమున దాచక వ్రాసికొనెను. అంతటివాడు దాచనిదానికి మా మిత్రుడేల సిగ్గుపడవలెను?

అంతకు పూర్వమే, 934లో కాలధర్మము చెందిన అబూ జైద్ అల్ బల్ఖీ, దేహమునకును మనస్సునకును కలిపి ఒక ఆరోగ్య గ్రంథము రచించెను. కోపము, భయము, దుఃఖము, విడువక వెంటాడు తలపులు అని మనోబాధలను వేర్వేరుగా వివరించెను. మందులను ముందుగా సమకూర్చుకొనునట్లే, మనస్సు నెమ్మదిగానున్న దినములలోనే ధైర్యమిచ్చు తలపులను కూడబెట్టుకొనవలెనని ఆయన హితవు. నిలువసరకు విలువ వర్తకులమైన మనకు వేరుగా చెప్పనక్కరలేదు.

ప్రార్థన నిష్ఫలమని నా భావము కాదు. నియమిత వేళలు, పదిమందితో కలిసి నిలుచుట, భారమును దైవముపై వేయుట, ఇవి మనస్సునకు ఊతకర్రలు. కాని దేవుడు తనను శిక్షించుచున్నాడను తలపు పట్టినచో ఆ ఊతకర్రయే ముల్లుకర్ర యగును. ఒంటెను కట్టివేసి, పిదప దైవమును నమ్మవలెనని ప్రవక్త బోధించినట్లు హదీసులలో గలదు. వైద్యునియొద్దకు పోవుటయు ఒంటెను కట్టుటయే.

కట్టవలసినది ఒంటెను గాని మనిషిని గాదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా సమీపముననున్న ఒక ఆశ్రయ గృహము తగులబడగా, గొలుసులతో బంధింపబడియున్న మనోరోగులు 28 మంది ప్రాణములు కోల్పోయిరి. ఆ దర్గాకు హిందువులును పోవుదురు. కావున ఈ పాఠము ఒక్క మతమువారికే కాదు. గుజరాతులోని ఉనావా గ్రామమున మీరా దాతార్ దర్గాలో మందును ప్రార్థనయు, వారి మాటలో దవాయు దువాయు, ప్రక్కప్రక్కనే నడచినవి.

మా మిత్రుడిపుడు వైద్యుని చూచుచున్నాడు; నమాజును విడువలేదు. నిద్ర కొంత కొంతగా వచ్చుచున్నది. మీ యింటనో, పొరుగింటనో ఎవరైనను దిగులని చెప్పినచో, వారి భక్తిని తూకము వేయకుడు. నిద్రపట్టి ఎన్నాళ్లయినదని ప్రక్కన కూర్చుండి అడుగుడు. నేను ఆనాడు అడుగవలసిన మాట అదియే.